టవర్ క్లాక్ దగ్గర రీల్స్ షాపులో వాచీ కొనేవాళ్లూ, జాగ్రత్త

ఇప్పుడే ఇంటికొచ్చాను, ఇంకా మంచినీళ్లు కూడా తాగలేదు. రీల్స్‌లో "రండక్కా, చూడండక్కా" అంటుంటాడే, ఆ షాపే. పేరు రాయను, అనంతపురం వాళ్లకి చెప్పక్కర్లేదు.

రోజూ వేసుకోవడానికి బంగారు రంగు లేడీస్ క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్ కూడా ఉండే వాచీ, కావాలని పోయాను. డయల్‌లో మూడు చిన్న గుండ్రాలు, పక్కన రెండు బటన్లు, చూడ్డానికి భలే ఉంది. "మొత్తం స్టీలక్కా, స్టాప్‌వాచ్ కూడా ఉంది" అన్నాడు. 2,850 కట్టేశాను. కొత్తిమీర కట్టని కూడా విప్పి వాసన చూసి కొనేదాన్ని, ఆ బటన్ ఒక్కసారి నొక్కి చూడలేదు. అద్దంలో చెయ్యి మాత్రం పదిసార్లు చూసుకున్నా!

తొమ్మిది రోజులకే చైన్ లోపలివైపు రంగు పోయి ఇత్తడి బయటపడింది, మణికట్టు చుట్టూ ఆకుపచ్చ చార. మన ఎండలకి చెమట మామూలేలే అని సర్దుకున్నా. నిన్న మా పిల్లోడు పరుగుకి టైమ్ చూడమంటే పై బటన్ నొక్కాను. కదిలితేనా! అది బటన్ కాదు, అతికించిన బొడిపె. ఫోన్ కెమెరాలో జూమ్ చేసి చూస్తే గుండ్రాల్లోని ముళ్లు కూడా ముళ్లు కావు, ప్రింటు గీతలు.

ఈరోజు తీసుకెళ్తే "అక్కా" పోయి "ఏంది మేడం" అయింది. ముందు నుంచే ఇద్దరు ఆడవాళ్లు, ఒక కాలేజీ పిల్ల అక్కడ ఉన్నారు. వాళ్ల ముందే వాచీని రెండు వేళ్లతో ఊపుతూ, "ఆడోళ్లకి స్టాప్‌వాచ్ ఎందుకు మేడం, అన్నం ఎంతసేపు ఉడికిందో చూసుకోనికా?" అన్నాడు. పని కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ఆ కాలేజీ పిల్ల తల దించుకుంది. నాకు నోరే పెగల్లేదు. గట్టి జవాబులన్నీ ఆటో ఎక్కాక వచ్చాయి, ఎవరికి చెప్పను?

పైగా చీటీ మీద "వాపసు లేదు" ముద్ర చూపించాడు. అది బిల్లు కూడా కాదు, ఎస్టిమేట్. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పంట. బిల్లులో వాపసు గడువు రాయకపోతే, లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాల్సిందేనంట. మా తమ్ముడు ఇప్పుడు చెప్తున్నాడు, కొనేముందు వీడు ఎక్కడున్నాడో.

కొనేవాళ్లుంటే అక్కడే పై బటన్ నొక్కండి. పొడుగు సెకన్ల ముల్లు పరిగెత్తాలి, మళ్లీ నొక్కితే ఆగాలి, కింది బటన్‌కి 12 దగ్గరికి రావాలి. గుండ్రాల్లో వారం, తేదీ మాత్రమే ఉంటే అది క్రోనోగ్రాఫ్ కాదు. వెనక "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఉంటే ఆ మూత ఒక్కటే స్టీలు. నాదాని మీదా అదే ఉంది, చదివి మురిసిపోయా.

రేపు పొద్దున వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నా. డబ్బు పంపిన రసీదు ఉంది, చీటీ ఉంది, చేతి మీద చార కూడా ఇంకా పోలేదు.