బ్లాక్‌పూల్‌కి చార్టర్ జెట్: ఆరు ట్రిప్పుల తర్వాత

ఇంగ్లండ్‌లో సముద్రతీరానికి జెట్ మాట్లాడుకుంటున్నవాళ్లు ఎవరైనా సరే, అడ్వాన్స్ పంపేముందు విమానం మాట్లాడిపెట్టే బ్రోకర్‌ని ఒక్క మాట అడగండి. తిరిగొచ్చి దిగే విమానాశ్రయం ఆ రోజు ఎన్నింటికి మూస్తారు? 2022లో నేను ఈ మాట అడగలేదు. దానివల్ల 82 ఏళ్ల పెద్దావిడ, వెన్నెముక ఆపరేషన్ అయిన మనిషి, ఆరు గంటలకు పైగా కారులో నలిగిపోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

నేను సర్రేలో ఒక తెలుగు కుటుంబం దగ్గర పర్సనల్ అసిస్టెంట్‌ని. మేడమ్ వాళ్ల అమ్మగారిది కాకినాడ. ఏటా వేసవికి ఇక్కడికి వచ్చి, చలి ముదిరేలోపు వెళ్లిపోతారు. ఆవిడకి సముద్రం చూడకపోతే తోచదు. 2018లో మొదటిసారి ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని బ్లాక్‌పూల్ తీసుకెళ్లాం. అక్కడ ఏటా ఈ రోజుల్లో తీరం పొడవునా వెలిగించే దీపాలు చూసినప్పటి నుంచి ప్రతి సెప్టెంబరులో ఆ ఊరి పేరే జపం. 2020లో కరోనా వల్ల కుదరలేదు, ఆ తర్వాత ఆరోగ్యం బాగోక 2021లో మానేశాం. మిగతా అన్నేళ్లూ వెళ్లాం. ఈ ఏడాదితో కలిపితే ఏడోసారి అవుతుంది. కారులో నాలుగైదు గంటలు, రైల్లో అయితే చాలాసార్లు మధ్యలో ప్రెస్టన్‌లో మారాలి. గంటకు మించి కూర్చోబెట్టొద్దని డాక్టర్ చెప్పాక సార్ జెట్ మాట్లాడమన్నారు.

మొదటి రెండేళ్లూ నేను ఈ ఏర్పాటుని తెగ పొగిడాను. ఆ మాట వెనక్కి తీసుకోను. బ్లాక్‌పూల్ విమానాశ్రయం 2014 అక్టోబరులో మూతపడి, డిసెంబరులో చిన్న విమానాల కోసం మళ్లీ తెరుచుకుంది. పెద్ద జెట్‌ల రద్దీ లేదు, క్యూలు లేవు. విమానం దిగిన చోటి నుంచి కారు దాకా వీల్‌చైర్‌లో ఐదు నిమిషాలు. గేటు దాటితే అటు ఇసుక దిబ్బలు, ఇటు ట్రామ్ లైను మొదలయ్యే స్టార్ గేట్. 1894లో కట్టిన టవర్ అక్కడి నుంచే కనిపిస్తుంది. మొదటిసారి కారు అద్దం దించగానే ఉప్పుగాలి కొట్టింది. అమ్మమ్మగారు కళ్లు మూసుకుని, "ఇది మా ఊరి గాలేనమ్మా, కాస్త చల్లగా ఉందంతే" అన్నారు. ఆ మాట కోసమైనా ఈ ఖర్చు దండగ కాదనిపించింది.

ఇక 2022 సంగతి. సెప్టెంబరు ఆఖరు శనివారం. మధ్యాహ్నం వెళ్లి, దీపాలు చూసి, రాత్రికి తిరిగి రావాలి. బ్రోకర్ పంపిన కొటేషన్‌లో తిరుగు ప్రయాణం రాత్రి 9 గంటలకని స్పష్టంగా ఉంది. వ్యాట్ లెక్క సరిచూశాను. పది సీట్ల కన్నా చిన్న విమానంలో దేశం లోపల తిరిగితే 20 శాతం పడుతుంది, చాలామంది అది కలపకుండా ధర చెబుతారు. తిండి, వీల్‌చైర్, కారు అన్నీ చూసుకున్నాను. టైమ్ గురించి మాత్రం అనుమానమే రాలేదు. రాసిచ్చారు కదా!

బ్లాక్‌పూల్‌లో దిగి మెట్ల దగ్గర నిలబడ్డాం. కెప్టెన్ చాలా మర్యాదగా, "ఆరున్నరకల్లా వచ్చేయండి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. మేం తిరిగొచ్చి దిగాల్సిన ఫార్న్‌బరో విమానాశ్రయం శని, ఆదివారాల్లో రాత్రి 8 గంటలకి మూసేస్తారు, ఆలోపు అక్కడ దిగాలంటే ఏడింటికి ముందే ఎగరాలి అని వివరించాడు. సెప్టెంబరు ఆఖరులో బ్లాక్‌పూల్‌లో పొద్దు గుంకేదే ఏడు గంటల ప్రాంతంలో. అంటే దీపాలు వెలిగే వేళకి మేం గాల్లో ఉంటాం.

బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, కొటేషన్‌లో టైమ్ అంచనా మాత్రమేనట, కింద చిన్న అక్షరాల్లో ఉందట. ఎంతైనా కడతాం, గంటసేపు తెరిచి ఉంచమని అడగండి అన్నాను. అది డబ్బుతో అయ్యే పని కాదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి శబ్దం ఇబ్బంది ఉండకూడదని ప్లానింగ్ అనుమతిలోనే ఆ వేళలు పెట్టారు. పోనీ రాత్రంతా తెరిచి ఉండే ల్యూటన్ విమానాశ్రయానికి వెళ్దామా అంటే, ఇటు బ్లాక్‌పూల్‌లో కూడా ఆలస్యంగా ఎగరాలంటే కంట్రోల్ టవర్‌లో మనిషి, ఫైర్ సిబ్బంది ఆగాలి, అది ముందుగా అడిగి ఒప్పించుకోవాల్సిన పని. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర. ఎవరిని తప్పు పట్టను? పైలట్‌నా, విమానాశ్రయాలనా? వాళ్ల వేళలు దాచిపెట్టినవి కావు. వాటిని చూసి చెప్పడానికే బ్రోకర్‌కి కమిషన్ ఇస్తున్నాం.

అమ్మమ్మగారు అంతా వింటూనే ఉన్నారు. "ఇంత దూరం తీసుకొచ్చి దీపాలు పెట్టకముందే తీసుకుపోతావా తల్లీ?" అన్నారు. మేడమ్ అక్కడికక్కడే ఉండిపోదాం అనేశారు. ఆ విమానానికి మర్నాడు ఇంకో బేరం ఉండటంతో ఖాళీగా వెళ్లిపోయింది, దానికి డబ్బు మేమే కట్టాం. దీపాలైతే చూశాం. పది కిలోమీటర్ల దారి పొడవునా వెలుగులు, కారు నత్తలా కదులుతుంటే ఆవిడ చిన్నపిల్లలా లెక్కపెట్టారు. కానీ ఆదివారం కారులో తిరిగొస్తుంటే ఎం6 హైవే మీద జామ్. వెనక సీట్లో దిండ్లు పెట్టి పడుకోబెట్టి, మూడుచోట్ల ఆపి, నొప్పి మాత్రలు వేసి తీసుకొచ్చాం. దారి పొడవునా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

ఆ ఏడాది బ్రోకర్‌ని మార్చేశాం. ఇప్పుడు రెండు చోట్లా చివరి ల్యాండింగ్ టైమ్, పైలట్ల డ్యూటీ ఎన్నింటికి ముగుస్తుందో, ఆలస్యమైతే ఎవరు ఎంత కట్టాలో, అన్నీ రాతపూర్వకంగా వచ్చాకే సంతకం. నడిపేది ఎవరు, వాళ్లకి డబ్బు తీసుకుని ప్రయాణికుల్ని తిప్పే అనుమతి, అదే ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్, ఉందా అని కూడా అడుగుతాను. 2019 జనవరిలో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా ప్రయాణించి చనిపోయిన విమానానికి డబ్బు తీసుకుని మనుషుల్ని ఎక్కించుకునే అనుమతే లేదు. అందుకని చవగ్గా ఎవరైనా చెబితే నాకు ముందు భయమేస్తుంది.

పైన ఐదు నిమిషాలన్నాను కదా, అది గాలి సరిగ్గా ఉన్న రోజు మాట. 2023లో సముద్రం మీంచి ఈదురుగాలి వీచి, లివర్‌పూల్‌లో దించారు. అక్కడి నుంచి గంటకు పైగా రోడ్డే. చిన్న జెట్ లోపల నిటారుగా నిలబడలేం, మెట్లు ఇరుకు. నడవలేని పెద్దవాళ్లని ఎక్కించడానికి ఇద్దరు కావాలి. ఇవి మొదటి ఏడాది నా కంటికి ఆనలేదు.

మీ వాళ్లు మూడు గంటలు కూర్చోగలిగితే రైలే మేలంటాను. మా ఇంట్లో పరిస్థితి వేరు, కట్టేది సార్, పైగా అమ్మమ్మగారి నడుం ముఖ్యం. ఒక్కరోజులో వచ్చేయడం మాత్రం మానేశాం. శుక్రవారం వెళ్లి ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాం. విమానం మమ్మల్ని దించి ఖాళీగా వెనక్కి వెళ్లి మళ్లీ రావడానికి కూడా కట్టాలి, ఖర్చు బాగా పెరిగింది. శనివారం రాత్రే రావాలనుకునేవాళ్లు బిగ్గిన్ హిల్ విమానాశ్రయం చూడొచ్చు, వారాంతంలో అది రాత్రి 10 దాకా తెరిచి ఉంటుంది. మాకది ఇంటికి దూరం.

ఈ అక్టోబరుకి కొటేషన్ మొన్న వచ్చింది. చివరి ల్యాండింగ్ టైమ్ అందులో లేదు. రెండుసార్లు మెయిల్ పెట్టాను. అది వచ్చేదాకా అడ్వాన్స్ పంపను.