తొమ్మిదో తరగతిలో డిజిటల్ నోట్‌బుక్: మూడేళ్లు దాటాక నా మాట

తిరుపతిలో ఒక ట్రస్టు నడిపే హైస్కూలు మాది. నేను జీవశాస్త్రం చెబుతాను. 2022 జూన్‌లో మా పాత విద్యార్థులు కొందరు కలిసి బడికి 36 ట్యాబులు కొనిచ్చారు. వాటితో ఏం చేద్దామన్నదే ఆ వారమంతా స్టాఫ్ రూములో చర్చ. వీడియోలు చూపించాలంటే తరగతికో పెద్ద టీవీ చాలు, దానికి ఇన్ని ట్యాబులెందుకు? పిల్లల నోట్సు దిద్దడానికి ఇవి పనికొస్తాయా అన్నది నా ప్రశ్న. ఇప్పుడు నాలుగో ఏడాది నడుస్తోంది. దిద్దడానికి ఇంతకంటే మంచి సాధనం నా సర్వీసులో చూడలేదు. రాయడానికి మాత్రం కాగితమే ఉండాలి. ఈ రెండూ నాకు అనుభవం మీద తెలిసినవి.

రెండు సెక్షన్లకు కలిపి 74 మంది పిల్లలు. వాళ్ల నోట్సులన్నీ సంచుల్లో వేసుకుని శనివారం స్కూటీ మీద ఇంటికి మోసుకెళ్లేదాన్ని. ఆదివారం సాయంత్రానికి వేళ్లు నొప్పి. ఎర్ర ఇంకుతో టిక్కు, సంతకం, తేదీ. తప్పున్న చోట సున్నా చుట్టడం. నోట్సు పిల్లల చేతికి తిరిగి చేరేటప్పటికి మేం ఇంకో పాఠంలో ఉంటాం. వాళ్లు చివరి పేజీ తీసి ‘గుడ్’ ఉందా లేదా చూసుకుని మూసేస్తారు. సున్నా చుట్టిన చోటికి మళ్లీ వెళ్లి సరిచేసుకున్న పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తప్పు పిల్లలది కాదు. ఎర్ర ఇంకు పడ్డాక ఆ పేజీ పని అయిపోయినట్టే వాళ్లకు.

డిజిటల్ నోట్‌బుక్ అంటే ట్యాబులోనో ఫోన్లోనో తెరిచి, నేనూ పిల్లలూ కలిసి వాడుకునే నోట్సు. మేం వాడేదాంట్లో మూడు అరలున్నాయి. ఒకదాంట్లో నేను పాఠం పెడతాను, పిల్లలు చదవగలరు గానీ మార్చలేరు. రెండోది అందరూ కలిసి రాసుకునేది. మూడోది ఎవరిది వాళ్లకే. అది ఆ పిల్లకూ నాకూ తప్ప ఇంకెవరికీ కనబడదు. ఒక ప్రశ్నల పేజీ తయారుచేసి పంపితే 74 మంది అరల్లోకీ ఒకేసారి చేరుతుంది. ఎవరు తెరిచారు, ఎవరు సగంలో ఆపారు అన్నది రాస్తుండగానే చూడొచ్చు. ఆ మూడో అర కోసమే నేను దీన్ని ఇన్నాళ్లు పట్టుకుని ఉన్నాను.

ఉల్లిపొర ప్రయోగం సంగతి చెబుతాను. మా ల్యాబులో బాగా పనిచేసే మైక్రోస్కోపులు రెండే. పిల్లలు వరసలో నిలబడి తలా పది సెకన్లు చూసి వెళ్లి, నోట్సులో పాఠ్యపుస్తకంలోని బొమ్మ దించేవాళ్లు. ఏటా అదే బొమ్మ, ఇటుకలు పేర్చిన గోడలా, ఒక్కో ఇటుక మధ్యలో ఒక చుక్క. కంటితో చూసింది ఒకటి, చేత్తో గీసింది ఇంకొకటి. ట్యాబులొచ్చాక కెమెరాను కంటి కటకానికి ఆనించి ఫోటో తీయించాను. ఆ ఫోటోను తమ పేజీలో పెట్టి దాని మీదే గీతలు లాగి భాగాలు గుర్తించమన్నాను.

ఒక అమ్మాయి, నల్లటి మందపాటి అంచుతో గుండ్రంగా ఉన్నదానికి బాణం గుర్తు పెట్టి ‘కేంద్రకం’ అని రాసింది. అది గాలిబుడగ. నోట్సులో అయితే ఇంటు కొట్టి ముందుకు పోయుండేదాన్ని. ఆ రాత్రి దాని పక్కనే రాశాను: ‘మిగతా కణాల్లో కూడా ఇలాంటిది ఉందా, చూడమ్మా.’ మర్నాడు మధ్యాహ్నం దాని కిందే జవాబు: ‘లేదు మేడం. ఒకటే ఉంది. రెండు కణాల మీదికి వచ్చి ఉంది.’ కాసేపటికి ఇంకో లైను: ‘అయితే ఇది కేంద్రకం కాదు కదా. మరి ఏంది మేడం?’ కవర్ స్లిప్, అంటే స్లైడు మీద కప్పే పల్చటి గాజు ముక్క, ఎట్లా వేశావని అడిగాను. పైనుంచి టప్పున వేసేసిందట. ఒక అంచు ముందు ఆనించి, సూదితో పట్టుకుని మెల్లగా వాల్చాలని చెప్పాను. శుక్రవారం ఇంటర్వెల్‌లో తనే వచ్చి సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి ఇంకో స్లైడు చేసింది. ఆ ఫోటోను మొదటి ఫోటో కిందే పెట్టి, కణం గోడ దగ్గర ఎర్రగా కనబడే చిన్న చుక్కకు బాణం వేసి రాసింది: ‘ఇదీ కేంద్రకం. పక్కకు జరిగిపోయి ఉంది.’ ఎందుకు జరిగిందని ఇంకో ప్రశ్న వేశాను. నడుమ పెద్ద రిక్తిక (ద్రవం నిండిన సంచీ లాంటిది) ఉంది కాబట్టి అని సోమవారానికి తనే కనుక్కుని రాసింది.

ఒక గాలిబుడగ మీద అన్ని రోజుల మాటలు! అదంతా ఆ పేజీలో పైనుంచి కిందికి వరసగా ఉంది. ఆ పిల్ల మొదట ఏమనుకుంది, ఎక్కడ అనుమానం వచ్చింది, దేన్ని చూసి మనసు మార్చుకుంది అన్నీ కనబడతాయి. దాన్ని చదివితే ఆ పిల్ల ఎట్లా ఆలోచిస్తుందో నాకు తెలుస్తుంది. 74 మందితోనూ ప్రతి వారం ఇంత మాట్లాడలేను, ఆ మాట ఒప్పుకోవాలి. వారానికి పన్నెండు మంది చొప్పున వంతులు పెట్టుకున్నాను. మిగతావాళ్లవి మామూలుగానే దిద్దుతాను.

రాసే ఓపిక లేని రోజుల్లో గొంతు రికార్డు చేసి పేజీలో పెడతాను. ఇది మొదట నా సౌకర్యం కోసం చేసిందే. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఎదురు పక్క ఇంగ్లీషు ఉంటాయి. పిల్లలు ఇంగ్లీషులో రాస్తారు, అర్థం చేసుకునేది తెలుగులో. ‘చూడు నాయనా, మూడో లైనులో ఆస్మాసిస్ అన్నావు, కానీ నువ్వు చెప్పింది డిఫ్యూజన్ గురించి. పొర ఏదీ లేదు కదా అక్కడ’ అని నోటితో చెబితే చప్పున ఎక్కుతుంది. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలు కట్టి అమ్మే ఒకామె పేరెంట్స్ మీటింగుకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ‘నాకు చదువు రాదు మేడం. మీరు మావోడికి చెప్పింది ఫోన్లో మూడుసార్లు విన్నా. వాడు తప్పు రాసుండాడంటే అరిస్తారేమో అనుకున్నా, అరవనే లేదు మీరు’ అంది. కొడుకు నోట్సులో టీచరు ఏం రాసిందో ఆమెకు అప్పటిదాకా తెలిసే దారే లేదు. ఆ రోజు నుంచి, ఇంట్లో పెద్దవాళ్లు చదువుకోని పిల్లలకు కావాలనే గొంతుతో దిద్దుతున్నాను.

ఇక రాత సంగతి. మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు, నోట్సులన్నీ పక్కన పెట్టించి నేరుగా ట్యాబు మీదే రాయించడం. మావి చవక ట్యాబులు, రబ్బరు మొన స్టైలస్‌లు. తెర మీద చెయ్యి ఆనిందంటే అక్కడా ఒక గీత పడుతుంది. పిల్లలు మణికట్టు గాల్లో లేపి రాయలేక నానా యాతన పడ్డారు. కొందరు పాత సాక్సు కత్తిరించి, రెండు వేళ్లు బయటికి పెట్టి చేతికి తొడుక్కున్నారు. ఇంగ్లీషు అక్షరాలు ఎట్లాగో పడేవి. తెలుగులో ‘శ్వాసక్రియ’ రాయాలంటే వత్తు ఒకచోట, అక్షరం ఇంకోచోట. కీబోర్డుతో కొట్టమంటే ‘క్ష’ ఎక్కడుందో వెతకడంలోనే పీరియడు అయిపోయేది. గూగుల్ కీబోర్డులో తెలుగు చేతిరాతను గుర్తుపట్టే సదుపాయం ఉంది, ఒక్కో మాటకు బాగానే ఉంటుంది. పది లైన్ల జవాబుకు దాన్ని నమ్ముకోలేం.

ఆ డిసెంబరులో పరీక్ష పేపర్లు దిద్దుతుంటే తేడా తెలిసింది. చేతిరాత మందగించింది, పేపరు పూర్తిచేయని పిల్లలు పెరిగారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష పెన్నుతోనే కదా రాయాలి. ‘నోట్సు లేకుంటే పిల్లోళ్లు పరీక్షకు ఏం చదవాల మేడం?’ అని తల్లిదండ్రులు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయమైన మాట. చేత్తో నోట్సు రాసేవాళ్లు విన్నదాన్ని తమ మాటల్లో పెట్టుకుంటారని, ల్యాప్‌టాప్ మీద కొట్టేవాళ్లు విన్నది విన్నట్టు దించుతారని 2014లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం చెప్పింది. తర్వాత అదే ప్రయోగాన్ని తిరిగి చేసినవాళ్లకు తేడా అంత గట్టిగా తేలలేదు. పరిశోధకుల వాదన ఎట్లా ఉన్నా, నా కళ్ల ముందున్న పేపర్లు నాకు చాలు.

రెండో ఏడాది నుంచి పద్ధతి మార్చాం. రాత మొత్తం కాగితం మీదే. రాశాక ఆ పేజీని ఫోటో తీసి తమ అరలో పెడతారు. నేను ఆ ఫోటో మీద ఎర్రగా గీసి, పక్కన ప్రశ్న రాస్తాను. వాళ్లు మళ్లీ కాగితం మీద సరిచేసి రెండో ఫోటో దాని కిందే పెడతారు. నోట్సు ఇంట్లో ఉంటుంది, దిద్దుబాటు ట్యాబులో ఉంటుంది. నా సంచీ మోత తప్పింది, వాళ్ల రాత మళ్లీ కుదుటపడింది. ఒకరి పేజీని ఇంకొకరు కాపీ కొట్టి అతికించే బెడద కూడా దీనితో చాలావరకు పోయింది, ఎవరి చేతిరాత వాళ్లదే కాబట్టి.

నెట్ గురించి కొత్తగా చెప్పేదేముంది. 36 ట్యాబులు ఒక్కసారిగా తెరిస్తే మా వైఫై చేతులెత్తేస్తుంది. పొద్దున ప్రేయర్‌కు ముందే ఇద్దరు లీడర్లు పది పది చొప్పున ట్యాబులు తెరిచి ఆ రోజు పేజీ దిగేలా చూస్తారు. తర్వాత నెట్ లేకపోయినా రాసుకోవచ్చు, సాయంత్రం కలిసినప్పుడు అవే పైకెళతాయి. అందరూ రాసే అరలో మాత్రం జాగ్రత్త కావాలి. నెట్ లేనప్పుడు ఇద్దరు ఒకే చోట రాస్తే ఆ పేజీకి రెండు రూపాలు తయారై, ఏది ఎవరిదో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది. ఇప్పుడు ఎవరి పేరుతో వాళ్లకు గడి గీసి పెడతాను, పక్క గడిలోకి పోకూడదని నియమం.

ట్యాబులు పెట్టడానికి వడ్రంగి చేత అరల పెట్టె చేయించాం. ఒక తడవకు సగం ట్యాబులకే ఛార్జింగు. రెండో వేసవిలో బ్యాటరీలు పూర్తిగా దిగిపోయిన ట్యాబుల్ని అట్లాగే పెట్టెలో వేసి తాళం వేసి వెళ్లిపోయాం. తిరుపతి మే నెల ఎండ, మూసిన గది. జూన్‌లో తీస్తే ఐదు మళ్లీ లేవలేదు. నాకు ఇప్పటికీ బాధే, పాత విద్యార్థులు కష్టపడి కొనిచ్చినవి. లిథియం బ్యాటరీని సగం ఛార్జితో చల్లటి చోట ఉంచాలి, సెలవుల మధ్యలో ఒకసారి తెరిచి చూడాలి.

2023 డిసెంబరు మొదటి వారంలో మిగ్‌జాం తుపానుకు బడులు మూసినప్పుడు ఈ ఏర్పాటు అక్కరకొచ్చింది. పాఠం ఇంట్లో ఫోన్లోనే తెరుచుకుంది. కానీ ఇంట్లో ఒకే ఫోను, అదీ నాన్న పనికి తీసుకెళ్లే ఇళ్లు మా తరగతిలో పదికి తక్కువ కాదు. వాళ్లకు ఏమీ అందలేదు. అందుకే ఇంటి దగ్గర చేయాల్సిన పనికి ఇందులో మార్కులు పెట్టను.

మా సోషల్ సారు దీన్ని నాకంటే చక్కగా వాడిన సందర్భం ఒకటుంది. తిరుమల ఘాట్ రోడ్డులో కొండ కోసిన చోట, అడుగున పాత గ్రానైట్, దాని మీద నగరి క్వార్ట్‌జైట్ అనే రాయి ఒకదాన్నొకటి ఆనుకుని కనబడతాయి. ఆ రెండింటి వయసుకూ నడుమ దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. కొండకు ఎన్నోసార్లు వెళ్లిన పిల్లలే, దాన్ని ఎప్పుడూ చూసినవాళ్లు కారు. ఈసారి కొండకు వెళ్లి దాని ఫోటో తెచ్చినవాళ్ల పేజీల్లో ఆ రెండు రాళ్ల సరిహద్దు మీద సారు ఎర్ర గీత లాగించారు. సగం మంది మొదటి గీత తప్పే. అందరి గీతలూ పక్కపక్కన పెట్టి ఏది సరైందో పిల్లల చేతే తేల్పించారు.

ఇది మొదలుపెట్టాలనుకునే టీచర్లకు ఒక మాట. పిల్లల పేర్లు, గొంతులు, రాతలు ఎవరి సర్వర్లోనో ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. మేం అడ్మిషన్ ఫారంతో పాటు వేరే కాగితం మీద తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకం తీసుకుంటున్నాం. పిల్లల ముఖాలున్న ఫోటోలు అందరి అరలో పెట్టనివ్వం.

ఈ ఏడాది పాత విద్యార్థులు మళ్లీ అడిగారు, ఇంకో 36 కొనివ్వమంటారా అని. వద్దన్నాను. పిల్లలకు ఫోటో తీయగల ట్యాబు నలుగురికొకటున్నా పని జరుగుతుంది, ఉన్న 31 ఎక్కువే. దిద్దే టీచర్లకు మాత్రం చెయ్యి ఆనించి రాసుకోగల, మంచి పెన్ను ఉన్న ట్యాబులు నాలుగు, ఇంకో మైక్రోస్కోపు ఒకటి అడిగాను.