మట్టిలో మూడేళ్లు: వీధి కోసం చేసిన విద్యుత్ బండితో నా అనుభవం

ఈ మోటార్‌సైకిల్‌ను నేను కొన్నది ఆఫీసుకు వెళ్లి రావడానికి. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో రానూపోనూ ముప్పై మైళ్లు. రాత్రి గరాజులో మామూలు ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి సిద్ధం. మట్టిదారుల పిచ్చి ఆ తర్వాత పట్టింది. బండి సూపర్‌మోటో రకం, అంటే మట్టిబండి ఒడ్డూపొడుగుకు తారు రోడ్డు చక్రాలు: బరువు 130 కిలోలకు కాస్త పైన, రెండువైపులా 17 అంగుళాల చక్రాలు. క్లచ్ లేదు, గేర్లు లేవు. మోటారు నుంచి వెనక చక్రానికి పళ్ల బెల్టు.

ఆ బెల్టే మొదటి పాఠం నేర్పింది. మట్టిదారి బండ్ల కోసమే ఉన్న కొండల పార్కు హోలిస్టర్ హిల్స్‌కు రెండోసారి వెళ్లినప్పుడు చింతగింజంత రాయి ఒకటి బెల్టుకూ పళ్లచక్రానికీ మధ్య ఇరుక్కుంది. ఎక్కుడు దారిలో టప్పుమని తెగింది. తారు రోడ్డు కోసం పెట్టిన బెల్టును రాళ్లలోకి తీసుకెళ్లింది నేనే కాబట్టి బండిని తిట్టలేను. దాని బదులు చైన్ వేయించుకున్నాను. వెనక పళ్లచక్రం కాస్త పెద్దది వేశాను. గరిష్ఠ వేగం తగ్గింది గానీ నడక వేగంతో రాళ్లు ఎక్కేటప్పుడు లాగుడు నిమ్మళంగా ఉంది, మోటారు తక్కువ వేడెక్కుతోంది. అంతకుముందు నిటారు ఎక్కుళ్లలో హెచ్చరిక దీపం వెలిగి, బండి తనంతట తానే శక్తి తగ్గించుకునేది. బదులుగా ఇప్పుడు చైన్‌కు నూనె పెట్టడం, బిగువు చూడటం, గరగరమనే చప్పుడు భరించడం.

చక్రాలకే ఎక్కువ డబ్బు పోయింది. ముందు 21, వెనక 18 అంగుళాలవి, బొడిపెల టైర్లతో. గాలి 15 పీఎస్ఐకి దించితే రాళ్ల మీద ముందు చక్రం పట్టు నిలుస్తుంది, చేతులకు అదురు తగ్గుతుంది. పాత చక్రాలు ఆఫీసుకు ఉంచాను. ప్రతి శుక్రవారం రాత్రి మార్పిడి గంట పని. అడుగున అల్యూమినియం పలక వేయించాను. సస్పెన్షన్ జోలికి పోలేదు. ఎగిరి దూకే వయసు కాదు నాది.

క్లచ్ లేకపోవడం మొదట హాయిగా ఉంటుంది, బండి ఎక్కడా ఆగిపోదు. కానీ అడ్డంగా పడిన దుంగ ముందు, పెట్రోలు బండిలో క్లచ్ మీద రెండు వేళ్లు చేసే పనంతా ఇక్కడ కుడి మణికట్టు ఒక్కటే చేయాలి. అది అలవాటు కావడానికి నాకు ఒక వేసవి పట్టింది. ఒకసారి ఇసుకలో దిగబడిన బండిని పక్కన నిలబడి నెడుతుంటే థ్రాటిల్ కాస్త తిరిగింది. ఇంజిన్ చప్పుడు లేదు కదా, ఆన్‌లో ఉందన్న సంగతే మరిచిపోయాను. చేతిలోంచి తప్పించుకుని పొదలో దూరింది. అప్పటినుంచి దిగగానే మోటారును ఆపే ఎర్ర స్విచ్చు నొక్కడం అలవాటైంది. థ్రాటిల్ వదిలితే మోటారే వేగం తగ్గించి బ్యాటరీకి కరెంటు పంపే ఏర్పాటు వీధిలో బాగుంటుంది. వదులు మట్టి దిగుడులో మాత్రం వెనక చక్రం దానివల్లే జారుతుంది. అక్కడ ఫోను ఆప్‌లో దాన్ని దాదాపు సున్నాకు దించుతాను.

నిశ్శబ్దానికి రెండు ముఖాలున్నాయి. కాలిఫోర్నియాలో మట్టిదారి బండ్లకు 96 డెసిబెళ్ల పరిమితి ఉంది, మాకు ఆ దిగులే లేదు. టైరు కింద రాయి దొర్లిన చప్పుడుతోనే నేల తీరు తెలుస్తుంది. కానీ మలుపు అవతలివారికి నేను వస్తున్నట్టు తెలియదు. సైకిల్ గంట కట్టుకున్నాను. నవ్వేవాళ్లు నవ్వుతారు.

హోలిస్టర్ కొండల గుండానే శాన్ ఆండ్రియాస్ భ్రంశం, అంటే భూకంపాలు పుట్టించే నేల పగులు, పోతుంది. దానికి ఒక వైపు గ్రానైట్ పొడి, ఇంకో వైపు బంకమట్టి. వాన పడితే ఆ బంకమట్టి మా ఊరి నల్లరేగడే, చక్రాన్ని తిరగనివ్వదు. అయితే వానలప్పుడు దారులు మూసేస్తారు కాబట్టి అంత దాకా రాలేదు.

అసలు ఇబ్బంది చార్జింగ్. వీధిలో అరవై మైళ్లు లాగే బ్యాటరీ మట్టిలో ముప్పై దాటదు, రెండున్నర గంటల్లో ఖాళీ. ఇంటి నుంచి అక్కడికి యాభై మైళ్లు. నంబరు ప్లేటున్న బండిని మిత్రుడి పికప్‌లో ఎక్కించుకుని పోతాను. అతని పెట్రోలు బండి పక్కనే ఉంటుంది. డబ్బాలోంచి పెట్రోలు పోసుకుని మధ్యాహ్నం మళ్లీ వెళ్తాడు. నేను చెట్టు కింద పులిహోర తింటూ ఎదురుచూస్తాను.

కొత్త బెల్టు ఒకటి గరాజులో పెట్టెలోనే ఉంది. అమ్మేటప్పుడు కొనేవారు అడుగుతారని.