సెవర్న్ ఒడ్డున గాలం: ముంచిన బస, ఆదుకున్న దుకాణం

‘గది దిగితే గాలం వేయడమే’ అని ప్రకటనలో రాసుకున్న బసకు రాత్రికి 128 పౌండ్లు కట్టాం. పైగా ఒక్కో గాలం కర్రకు 15 పౌండ్లు ‘నదీ సౌకర్య రుసుము’ వేశారు. నది నిజంగానే కిటికీకి ఎదురుగా ఉంది. అందులో గాలం వేయించే హక్కే ఆ బసకు లేదు.

ఇంగ్లండులో బ్యూడ్లీ అనే చిన్న ఊరి దగ్గర సెవర్న్ నది గట్టు అది. బార్బెల్ చేప కోసం వెళ్లాం. నోటి దగ్గర నాలుగు మీసాలతో, నది అడుగున మేత వెతుక్కునే చేప. పడిందంటే కర్రను విల్లులా వంచేస్తుంది. ఈ నదిలో ఇది మొదటి నుంచీ ఉన్నది కాదు, 1956లో కెన్నెట్ నది నుంచి తెచ్చి వదిలారు. మామయ్యగారు కొవ్వూరు నుంచి వచ్చారు. గోదావరి గట్టున గాలం వేస్తూ పెరిగిన మనిషి. ఆయన కోసమే ఈ ప్రయాణం.

పొద్దున్నే కుర్చీలు వేసుకుని ఎర గుచ్చుతుండగా గట్టు కాపలా చూసే ఆయన వచ్చి, ఎంతో మర్యాదగా అనుమతి చీటీ అడిగాడు. ఆ గట్టు ఏళ్ల తరబడి ఒక సంఘానికి కౌలుకు ఉందట, సభ్యులకు తప్ప ఎవరికీ ప్రవేశం లేదట. ఈ దేశంలో గాలం వేయాలంటే ప్రభుత్వ లైసెన్సు ఒక్కటే సరిపోదు. గట్టు మీద హక్కు ఉన్నవాళ్ల అనుమతి కూడా కావాలి. లైసెన్సు లేకపోతే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు కాబట్టి మామయ్యగారికి కూడా విడిగా తీసుకున్నాం. రెండో అనుమతి బస అద్దెలోనే ఉందని వాళ్లే రాశారు.

వెళ్లి అడిగితే మేనేజరు కంప్యూటర్ మీద నుంచి తల కూడా ఎత్తలేదు. “చుట్టుపక్కల వేసుకోవచ్చనే మా ఉద్దేశం” అన్నాడు. మరి 15 పౌండ్లు దేనికంటే, కర్రలు పెట్టుకోవడానికి షెడ్డు ఇచ్చామన్నాడు. ఆ షెడ్డుకు తాళం లేదు, నేలంతా తడి. మామయ్యగారు ఆ పూట కాఫీ ముట్టలేదు. “నీళ్లు వాళ్లవి కానప్పుడు మన దగ్గర డబ్బు ఎలా తీసుకున్నారండీ?” అని ఒకటికి పదిసార్లు అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ మాత్రం కిడర్‌మిన్‌స్టర్ వెళ్లి ఆవిరి రైలెక్కి హాయిగా తిరిగొచ్చింది.

ఊళ్లోని గాలాల దుకాణంలో 9 పౌండ్లకు వేరే గట్టుకు రోజు చీటీ దొరికింది. కానీ అక్కడ చేప తగలగానే తంగూసు పుటుక్కున తెగిపోయింది. తెగిన కొస దగ్గర గరుకుగా, పీచులు లేచి ఉంది. తిరిగి దుకాణానికే వెళ్లాం. కౌంటరు వెనకాల పెద్దాయన తంగూసు వైపు ఒక్కసారి చూసి, దూది పుల్ల తీసి, కర్ర మీద తంగూసు జారే రింగులన్నిటిలోంచి ఒక్కొక్కటిగా తిప్పుతూ వెళ్లాడు. చిట్టచివరి రింగులో దూది పోగులు చిక్కుకున్నాయి. లోపలి పింగాణీ వలయం పగిలింది. కంటికి ఆనని ఆ పగులే తంగూసును కోస్తోంది. ఆయన రింగును లైటరు సెగకు పైపైన చూపించి, లోపలి జిగురు మెత్తబడగానే పట్టకారుతో లాగేశాడు. కర్ర కొసను గీకి శుభ్రం చేసి, వేడికి కరిగే జిగురు పూసి, కొత్త రింగు తొడిగాడు. జిగురు గట్టిపడేలోపు ఒక కన్ను మూసి, మిగతా రింగులతో వరస కుదిరేదాకా తిప్పాడు. రింగుకు 3.70, పనికి 2 పౌండ్లు. దెబ్బతిన్న తంగూసు కోసి పారేసి రీలు కూడా సరిచేశాడు, దానికి పైసా తీసుకోలేదు. మామయ్యగారు సీసపు గుండ్లు అడిగితే, హంసలు మింగి చచ్చిపోతున్నాయని చిన్నవాటి అమ్మకం 1987లోనే ఆపేశారని ఓపికగా చెప్పి వేరే లోహపు గుండ్లు ఇచ్చాడు. అంత శ్రద్ధగా పనిచేసే మనిషి దగ్గర ఎంత ఖర్చు పెట్టినా బాధ ఉండదు.

సాయంత్రం డబ్బా మాంసం ముక్కకు బార్బెల్ పడింది. మామయ్యగారే లాగారు. కొత్త రింగు మీదుగా తంగూసు సాఫీగా జారింది. “జన ఉంటుందా?” అని చేపగుడ్ల కోసం అడిగారు ఆశగా. దీని జన విషం, పైగా ఇంత పెద్ద చేపను పట్టుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు అన్నాను. ఒక్క క్షణం ముఖం చిన్నబుచ్చుకున్నా, ఆయనే నీళ్లలోకి వంగి, చేప తలను ప్రవాహానికి ఎదురుగా నిలిపి, అది తేరుకుని తోక ఆడించేదాకా రెండు చేతులతో పట్టుకున్నారు.

తిరుగుదారిలో రెడిచ్ మీదుగా వచ్చాం. ఒకప్పుడు సూదులకు, గాలాలకు పేరుమోసిన ఊరు అది. రాయల్ ఎన్‌ఫీల్డ్ బండి కూడా అక్కడే పుట్టిందని తెలిసి మామయ్యగారు రైలెక్కేదాకా తన పాత బండి కబుర్లే చెప్పారు.

వెళ్లేవాళ్లు నది పక్క గదికి డబ్బు తగలేయకండి. ఊళ్లో 80 పౌండ్లకే శుభ్రమైన గదులున్నాయి. మార్చి 15 నుంచి జూన్ 15 దాకా నదుల్లో గాలం నిషేధం, ఆ రోజులు వదిలేయండి. నది పక్కనే దిగాలనుకుంటే, ఏ గట్టు మీద, ఎవరి అనుమతితో, ఎన్ని కర్రలతో అన్నది డబ్బు కట్టకముందే రాతలో తెప్పించుకోండి. మా రుసుములో సగం వెనక్కి ఇచ్చారు. మిగతా సగం కోసం మళ్లీ ఉత్తరం రాశాను.