బ్యాంకాక్ చావో ఫ్రాయా ఎక్స్‌ప్రెస్ పడవ: నారింజ జెండా ఉంటే ఎక్కేయండి

పాత బ్యాంకాక్ చూడటానికి ట్యాక్సీ కంటే చావో ఫ్రాయా నదిలో తిరిగే ఈ పడవే మేలు, ట్రాఫిక్ బెడద ఉండదు. బీటీఎస్ (నగర మెట్రో) రైల్లో సఫాన్ తాక్సిన్‌లో దిగితే సాథోర్న్ రేవు పక్కనే ఉంటుంది. అక్కడ ముందుగా కనిపించేది నీలి జెండా టూరిస్టు పడవల కౌంటరు. వాటి టికెట్ ఎక్కువ. నారింజ జెండా పడవ ఎంత దూరమైనా ఒకటే ధర, 16 బాట్ (థాయ్ కరెన్సీ). చిల్లర సిద్ధంగా ఉంచుకోండి.

గ్రాండ్ ప్యాలెస్‌కు థా చాంగ్ రేవులో, వాట్ ఫో బౌద్ధాలయానికి థా తియెన్ రేవులో దిగాలి. వాట్ ఫోలోని శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు, తప్పక చూడాలి. రేవులో పడవ ఆగేది కొద్ది క్షణాలే. మీ స్టాప్ రాకముందే వెనక ద్వారం దగ్గరికి చేరకపోతే తర్వాతి రేవుకే. భిక్షువులకు కేటాయించిన చోట నిలబడకండి. సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ విపరీతమైన రద్దీ, పిల్లలతో వద్దు.

ప్యాలెస్ టికెట్ 500 బాట్. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. "ఈరోజు మూసేశారు" అని దారిలో ఎవరైనా చెబితే నమ్మకండి, నేరుగా గేటుకే వెళ్లండి.