చిప్పీ చిప్సా, ఫ్రెంచ్ ఫ్రైసా?

బ్రిటన్‌లో చలి సాయంత్రం చిప్స్ (మన ప్యాకెట్ చిప్స్ కాదు, వేడివేడిగా వేయించిన బంగాళాదుంప ముక్కలు) మీదికి మనసు పోతే రెండు దారులు: వీధి చివర చిప్పీ, అంటే చేపలు, చిప్స్ వేయించి అమ్మే షాపు, లేదంటే బర్గర్ షాపు ఫ్రైస్. నా ఓటు చిప్పీకే.

ఫ్రైస్ సన్నగా ఉంటాయి. ఫ్యాక్టరీలో ఒకసారి వేగి, ఫ్రీజ్ అయి వచ్చినవాటిని షాపులో మళ్లీ వేయిస్తారు. అందుకే ఏ ఊళ్లో తిన్నా అదే కరకర, అదే రుచి. చల్లారితే మాత్రం తినబుద్ధి కాదు.

చిప్పీ చిప్స్ వేలంత లావు. చాలాచోట్ల మారిస్ పైపర్ అనే బంగాళాదుంప వాడతారు, 1966లో వచ్చిన రకం. పైన పల్చటి పొర, లోపల పిండిలా మెత్తన. లావుగా కోయడం వల్ల నూనె కూడా తక్కువ పీలుస్తాయి. పొట్లం కట్టేముందు "సాల్ట్ అండ్ వెనిగర్?" అని అడుగుతారు. రెండూ వేయమనండి! వేడి మీద పడ్డ వెనిగర్ ఆవిరి ముక్కుకు ఘాటుగా తగులుతుంది. కాగితం చెమరుస్తుంది, చిప్స్ అంచులు కాస్త మెత్తబడతాయి. అడుగున మిగిలే చిన్న ముక్కలు ఉప్పూ పులుపూ అంతా పీల్చుకుని ఉంటాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం అవే. పులుపంటే ప్రాణం పెట్టే మనవాళ్లకు ఇట్టే నచ్చే రుచి ఇది. ఉత్తర ఇంగ్లండ్‌లో గ్రేవీ, కర్రీ సాస్ కూడా పోస్తారు. కారం తక్కువే అయినా కర్రీ సాస్ బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. యార్క్‌షైర్ వైపు చాలా షాపుల్లో గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. నూనె వాడేచోట కూడా చేపలు, చిప్స్ ఒకే మూకుడులో వేగుతుండొచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు ఆర్డర్ ఇచ్చేముందే అడగాలి. ఈ విషయంలో పెద్ద కంపెనీల ఫ్రైసే నయం, దేనిలో వేయించారో వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు.