పట్టా ఇల్లా, సంఘం ఇల్లా: పేద కిరాయిదారుకు ఏది మేలు?

నల్లగొండలో మేం కిరాయికున్న పదకొండేళ్లలో నాలుగు ఇళ్లు మారాం. ప్రతిసారీ అదే మాట: "మా పిల్లగాడు వస్తున్నడు, నెలలో ఖాళీ చేయండి." కిరాయి బరువు కన్నా, ఎప్పుడు పొమ్మంటారో అన్న టెన్షనే ఎక్కువ నలిపేసింది. అందుకే ఏ ఇంటినైనా నేను ముందు ఆ లెక్కలోనే చూస్తాను.

సర్కారు పట్టా ఇల్లు ఆ టెన్షన్ తీరుస్తుంది. కేసీఆర్ సర్కారు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లంటే 560 చదరపు అడుగులు, లబ్ధిదారు పైసా పెట్టక్కర్లేకుండె, పట్టా ఇల్లాలి పేరు మీద. వచ్చినవాళ్లకు అది వరమే. రానివాళ్ల సంగతి? ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు గానీ, మొదటి విడత సొంత జాగ ఉన్నవాళ్లకే. కిరాయిదారుకు జాగ ఎక్కడిది?

సంఘం ఇల్లు వేరే తీరు. ఇల్లూ జాగా అందులో ఉండేవాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘానివి. ఉండేవాళ్లే కమిటీని ఎన్నుకుంటారు, అందుబాటు కిరాయి వాళ్లే పెట్టుకుంటారు, మోటర్ కాలితే వాళ్లే బాగుచేయించుకుంటారు. అమ్ముకునే వీల్లేదు. ఒక కుటుంబం వెళ్లిపోతే ఆ ఇల్లు ఇంకో పేద కుటుంబానికి పోతుంది. పని కోసం ఊళ్లు మారే పాలమూరు కూలీకి ఇదే అక్కరకొస్తుందని నా నమ్మకం.

ఈ ఆలోచన మనకు కొత్తేం కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చారు. ఆ భూదానం నుంచే భూమి ఊరందరిదీ అనే గ్రామదానం పుట్టింది. దాని స్ఫూర్తి కూడా తోడై 1969లో అమెరికాలోని జార్జియాలో పౌరహక్కుల ఉద్యమకారులు నల్లజాతి రైతుల కోసం న్యూ కమ్యూనిటీస్ అనే ఉమ్మడి భూమి సంఘం పెట్టారు. సుమారు 5,700 ఎకరాలు కొన్నారు. కరువు, అప్పు మీద పడి 1985లో అంతా పోగొట్టుకున్నారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బ్రిటన్‌లోని గ్లాస్గో నగరంలో గోవన్ పేట కథ ఇంకోలా నడిచింది. అక్కడ మెట్ల దగ్గరి ఒకే మరుగుదొడ్డి కొన్ని కుటుంబాలకు దిక్కు. 1970ల మొదట్లో అక్కడివాళ్లు, పాత ఇళ్లు కూల్చొద్దు, బాగుచేయండని సంఘం కట్టారు. 1974లో అక్కడ వచ్చిన ఇళ్ల చట్టంతో ఇలాంటి సంఘాలకు సర్కారు గ్రాంటు వచ్చింది, నిర్వహణ మాత్రం స్థానికుల చేతిలోనే ఉంది. ఆ సంఘాలు నిలబడ్డాయి.

నన్నడిగితే సంఘం ఇల్లే మేలు, కట్టే డబ్బు మాత్రం సర్కారుదై ఉండాలి. పేదలు మిత్తికి తెచ్చి కడితే జార్జియా గతే. కిరాయి వసూలు, పద్దులు నడపగలరా అన్న అనుమానం నాకు లేదు. మన పొదుపు సంఘాల ఆడవాళ్లు ఏళ్లుగా అప్పులిచ్చి వసూలు చేస్తూనే ఉన్నారు. మహబూబ్‌నగర్‌లో గానీ నల్లగొండలో గానీ ముందు ఒక్క బ్లాకు ఇలా ఇచ్చి చూడాలి. ఆ జాగను ఏ బ్యాంకులోనూ కుదవ పెట్టకూడదని మాత్రం మొదటి రోజే కాగితంలో రాయించాలి.